సూపర్ హీరో సినిమా టికెట్: మొదటి రోజే కొనాలా, ఆగి కొనాలా?

హాలీవుడ్ స్టూడియోలు తీసే పెద్ద బడ్జెట్ సూపర్ హీరో సినిమాలకి విడివిడిగా రివ్యూలు బోలెడు దొరుకుతాయి, కానీ డబ్బు పెట్టి టికెట్ కొనేవాడి వైపు నుంచి ఆ సరుకు మొత్తానికి కలిపి రాసిన రివ్యూ నాకైతే ఎక్కడా కనపడలేదు. అందుకే ఇది రాస్తున్నా. రేటింగ్ ముందే చెప్పేస్తా, చివరిదాకా చదివించి విసిగించకుండా: ఐదుకి మూడు. 2019లో అడిగి ఉంటే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి. 2023 చివర్లో అడిగి ఉంటే ఒకటిన్నర ఇవ్వడానికి కూడా చెయ్యి వచ్చేది కాదు.

ముందు ఒక లెక్క చూసుకుందాం, ఎందుకంటే హిట్టూ ఫ్లాపూ అనే మాటలు వాడేటప్పుడు చాలామంది దీన్ని వదిలేస్తారు. బడ్జెట్ 20 కోట్ల డాలర్లు, వసూళ్లు 40 కోట్ల డాలర్లు అంటే డబుల్ వచ్చింది కదా అనుకుంటాం. అది గ్రాస్. అందులో థియేటర్ల వాటా పోతే స్టూడియోకి వచ్చే షేర్ అమెరికాలో సగానికి కాస్త అటూ ఇటూ, బయట దేశాల్లో ఇంకా తక్కువ, చైనాలో అయితే దాదాపు పాతిక శాతమే. దీనికి తోడు పబ్లిసిటీ ఖర్చు బడ్జెట్ లెక్కలోకి రాదు, పెద్ద సినిమాకి అదొక్కటే 10 కోట్ల డాలర్లు దాటుతుంది. కాబట్టి బడ్జెట్‌కి రెండున్నర రెట్లు గ్రాస్ వస్తే గానీ థియేటర్ల మీద ఒడ్డున పడ్డట్టు కాదు అని ట్రేడ్‌లో ఒక మోటు లెక్క ఉంది. తర్వాత ఓటీటీ, టీవీ హక్కులు, బొమ్మలు, టీషర్టులు అని ఇంకా వస్తాయనుకోండి, అది వేరే సంగతి. ఈ లెక్క పెట్టుకుని చూస్తే 2023లో 'యాంట్ మ్యాన్' మూడో భాగం తెచ్చిన 47 కోట్ల పైచిలుకు డాలర్లు పైకి ఎంత ఘనంగా కనిపించినా స్టూడియోకి తలనొప్పి ఎందుకైందో అర్థమవుతుంది.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు సంగతి. ఇన్నేళ్ల వసూళ్లు వరసగా పెట్టి చూస్తే నాకు కనిపించేది ఒకటే: సూపర్ హీరో సినిమాకి వచ్చే ఓపెనింగ్ చాలావరకు ఆ సినిమా సొంతం కాదు, దాని ముందు వచ్చిన సినిమా సంపాదించిపెట్టిన నమ్మకం. ఈ సినిమా బాగుందా లేదా అన్నది రెండో వారం నుంచి తెలుస్తుంది, దాని పూర్తి ఫలితం మాత్రం తర్వాత వచ్చే సినిమా మీద పడుతుంది. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చినట్టు, ఒక డైరెక్టర్ చేసిన పాపానికి ఇంకో డైరెక్టర్ బలవుతాడు. అందుకే ఒక్క సినిమాని పట్టుకుని ఇది ఎందుకు ఆడింది, ఎందుకు పోయింది అని వాదించుకుంటే తేలదు.

'కెప్టెన్ మార్వెల్'నే తీసుకోండి. 2019 మార్చిలో వచ్చింది, 113 కోట్ల డాలర్లు తెచ్చింది. సినిమా మరీ అంత గొప్పగా ఉందా? నా ఉద్దేశంలో మామూలుగా ఉంది. కానీ దాని టైమింగ్ చూడండి. ముందు ఏడాది అదే మార్వెల్ కంపెనీ 'అవెంజర్స్' సినిమా 'ఇన్ఫినిటీ వార్' సగం ప్రపంచాన్ని బూడిద చేసి ఆపేసింది, చివర్లో పేజర్ మీద కెప్టెన్ మార్వెల్ గుర్తు చూపించింది, నెలన్నరలో దాని తరువాయి 'ఎండ్‌గేమ్' రాబోతోంది. మధ్యలో ఈ సినిమా వదిలేస్తే ఏదో మిస్సవుతామన్న టెన్షన్ జనానికి ఉంది. అదే పాత్రతో 2023 నవంబర్‌లో 'ది మార్వెల్స్' వచ్చింది. అమెరికాలో మొదటి వీకెండ్ 4.6 కోట్ల డాలర్లు, మార్వెల్ స్టూడియోస్ చరిత్రలోనే అతి తక్కువ. రెండో వీకెండ్ 78 శాతం పడిపోయింది. ప్రపంచమంతా కలిపి 20 కోట్లు కాస్త దాటింది, అంతే. మొదటి భాగంలో ఐదో వంతు కూడా రాలేదు. నిజం చెప్పాలంటే 'ది మార్వెల్స్' అంత చెత్త సినిమా కాదు, గంటా ముప్పావులో సరదాగా అయిపోతుంది, పోట్లాట మధ్యలో ముగ్గురూ ఒకరి చోటులోకి ఒకరు మారిపోయే సీన్లు నాకు నచ్చాయి కూడా. కానీ జనం దాన్ని చూసి తిరస్కరించలేదు, చూడకుండానే తిరస్కరించారు. అప్పటికే రెండు మూడేళ్లుగా నీరసమైన సినిమాలు వచ్చాయి. పైగా నటీనటుల సమ్మె అప్పుడే ముగిసింది, సరిగ్గా రిలీజ్ ముందు రోజు, దాంతో వాళ్లెవరూ ప్రమోషన్లకి తిరిగే వీలు లేకపోయింది.

ఇదేం కొత్త జబ్బు కాదు. 1997లో 'బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్' వచ్చి నవ్వులపాలయ్యాక ఎనిమిదేళ్లు బ్యాట్‌మ్యాన్ సినిమా తియ్యడానికి ధైర్యం చాలలేదు. 1987లో బడ్జెట్ కోసేసి చుట్టేసిన నాలుగో 'సూపర్‌మ్యాన్' తర్వాత అయితే ఐదో దానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది. 2005లో క్రిస్టఫర్ నోలన్ 'బ్యాట్‌మ్యాన్ బిగిన్స్' తీస్తే అది చాలా మంచి సినిమా అయినా 37 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది, ఎందుకంటే జనం ఇంకా పాత దెబ్బ మర్చిపోలేదు. ఆ సినిమాని తర్వాత ఇంట్లో డీవీడీల్లో చూసినవాళ్లు, పక్కవాళ్లకి చెప్పినవాళ్లు అందరూ కలిసి మూడేళ్లకి 'ది డార్క్ నైట్' థియేటర్ల మీద పడ్డారు, అది 100 కోట్ల డాలర్లు. జోకర్ పాత్ర చేసిన హీత్ లెడ్జర్ రిలీజ్‌కి ముందే చనిపోవడం వల్ల వచ్చిన ఆసక్తి కూడా ఉంది, కాదనను. కానీ ముందు సినిమా వేసిన పునాది లేకపోతే అంత ఓపెనింగ్ వచ్చేది కాదని నా నమ్మకం.

దీనికి ఇంకా శుభ్రమైన ఉదాహరణ యానిమేషన్ 'స్పైడర్ వర్స్' సినిమాలు. 2018లో మొదటిది అమెరికాలో మూడున్నర కోట్ల డాలర్లతో మొదలైంది. ఆస్కార్ వచ్చింది, ఓటీటీలో పిల్లలూ పెద్దలూ మళ్లీ మళ్లీ చూశారు. 2023లో రెండోది 12 కోట్లతో మొదలైంది! స్టార్ లేడు, కనీసం మొహం కనిపించే మనిషి లేడు, మొదటి వీకెండే మూడు రెట్లకు పైగా. ఆ అదనపు డబ్బంతా మొదటి సినిమా ఐదేళ్లుగా మెల్లగా సంపాదించింది.

సూపర్ హీరో సినిమాలంటే జనానికి మొహం మొత్తింది అని ప్రతి ఫ్లాప్ తర్వాతా ఎవరో ఒకరు అంటారు. నాకు ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది, ఎందుకంటే స్టూడియోలకి ఇది చాలా సుఖమైన సాకు. తప్పు మాది కాదు, జనం మారిపోయారు అని చేతులు దులిపేసుకోవచ్చు. అదే 2023లో ఫిబ్రవరిలో 'యాంట్ మ్యాన్' మూడోది 10 కోట్ల పైన ఓపెనింగ్ తెచ్చుకుని రెండో వీకెండ్‌కి 70 శాతం దాకా కూలిపోయింది, మూడు నెలలు తిరక్కుండా అదే స్టూడియో నుంచి వచ్చిన 'గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ' మూడోది రెండో వీకెండ్‌లో సగం పైనే నిలబెట్టుకుని 84 కోట్ల డాలర్లకి చేరింది. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, రెండూ మూడో భాగాలే. మొహం మొత్తిన జనం మే నెలలో ఎక్కడికి పోయారు? ఒక సినిమాలో రాకెట్ అనే రకూన్ కథకి థియేటర్లో జనం ఏడ్చారు, ఇంకో సినిమాలో ఏ పాత్రకి ఏమైనా పర్లేదు అన్నట్టు కూర్చున్నారు. అంతకంటే పెద్ద రహస్యం ఏమీ లేదు.

సరుకు నాణ్యత ఎక్కడ చెడిందో కూడా చెప్పుకోవాలి. 2008 నుంచి 2019 దాకా పదకొండేళ్లలో మార్వెల్ 23 సినిమాలు తీసింది, ఏడాదికి రెండు, మహా అయితే మూడు. మార్వెల్ యజమాని అయిన డిస్నీ ఓటీటీ 2019 చివర్లో మొదలయ్యాక దానికి మేత కావాలి కాబట్టి, ఒక్క 2021లోనే నాలుగు సినిమాలు, ఐదు సిరీస్‌లు వచ్చాయి. ఎవడు చూస్తాడండీ ఇవన్నీ? ఉద్యోగం చేసుకునేవాడు, పిల్లల్ని చదివించుకునేవాడు ఒక సినిమా అర్థం కావడానికి ముందు మూడు సిరీస్‌లు చూసి రావాలంటే అది హోంవర్క్ అవుతుంది గానీ వినోదం కాదు. 'ది మార్వెల్స్'లో ముగ్గురు హీరోయిన్లలో ఇద్దరు ఓటీటీ సిరీస్‌ల నుంచి వచ్చినవాళ్లు. థియేటర్‌కి మాత్రమే వచ్చే మనిషికి వాళ్లెవరో తెలీదు. అప్పటి డిస్నీ అధినేత బాబ్ ఐగర్ కూడా సిరీస్‌లు ఎక్కువై దృష్టి చెదిరిందని 2023లో ఒప్పుకున్నారు, తర్వాత ఏడాది మార్వెల్ ఒక్కటంటే ఒక్క సినిమా వదిలింది. ఆ ఒక్కటీ 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్', 133 కోట్ల డాలర్లు.

బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ హీరోలున్న డీసీ వాళ్ల కథ ఇంకా విచిత్రం. 2016లో 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్' 16 కోట్ల 60 లక్షల డాలర్ల ఓపెనింగ్ తెచ్చుకుంది, ఆ ఇద్దర్నీ ఒకే తెర మీద చూడాలని జనానికి ఎన్నాళ్ల కోరికో. రెండో వీకెండ్‌కి 69 శాతం డ్రాప్. సరే, ఏదోలా 87 కోట్లు లాగింది. దాని ఫలితం ఏడాదిన్నర తర్వాత 'జస్టిస్ లీగ్' అనుభవించింది. బ్యాట్‌మ్యాన్, వండర్ వుమన్, ఫ్లాష్, ఆక్వామ్యాన్ అందరూ ఉన్నా ఓపెనింగ్ 10 కోట్లు కూడా రాలేదు. మధ్యలో డైరెక్టర్ మారాడు, భారీగా రీషూట్లు చేశారు, సూపర్‌మ్యాన్ నటుడు వేరే సినిమా కోసం పెంచిన మీసాన్ని కంప్యూటర్లో చెరిపేస్తే పెదవి మైనంలా కదిలింది. 30 కోట్ల డాలర్ల సినిమాలో హీరో మూతి చూసి జనం నవ్వారంటే ఇంకేం చెప్పాలి.

'ది ఫ్లాష్' అయితే పాపం ఇంకో రకం. 2023 జనవరిలో కొత్త బాధ్యులు జేమ్స్ గన్, పీటర్ సాఫ్రాన్ వచ్చి డీసీ ప్రపంచాన్ని మళ్లీ మొదటి నుంచి కడతామని ప్రకటించారు. అప్పటికి పాత ప్రపంచంలో ఇంకా నాలుగు సినిమాలు రిలీజ్ కావాలి! అంటే దుకాణం ఎత్తేస్తున్నాం అని బోర్డు పెట్టి లోపల కొత్త సరుకు అమ్మారు. 'షజామ్' రెండోది 13 కోట్లు, 'బ్లూ బీటిల్' 13 కోట్లు, 'ఫ్లాష్' 27 కోట్లు, 'ఆక్వామ్యాన్' రెండోది 43 కోట్లు. ఆ చివరిదాని మొదటి భాగం 115 కోట్లు తెచ్చింది, గుర్తుంచుకోండి. ఈ కథ ఎటూ వెళ్లదని కంపెనీయే చెప్పాక నేనెందుకు టికెట్ కొనాలి?

పాత హీరోల్ని వెనక్కి తెస్తే చాలు, ఈలలు పడతాయి అనే నమ్మకం కూడా ఇక్కడే పగిలింది. 'స్పైడర్‌మ్యాన్ నో వే హోమ్' ముగ్గురు స్పైడర్‌మ్యాన్లతో, చైనాలో రిలీజే లేకుండా 190 కోట్లు దాటింది కదా అని 'ఫ్లాష్'లో మైకేల్ కీటన్ బ్యాట్‌మ్యాన్‌ని తెచ్చారు, ఆఖర్లో చనిపోయిన నటుల్ని కూడా కంప్యూటర్ బొమ్మలుగా నిలబెట్టారు. 'నో వే హోమ్'లో పాత స్పైడర్‌మ్యాన్లకి ఒక పని ఉంది, తమ పాత తప్పుల్ని సరిదిద్దుకునే చోటు దొరికింది, వాళ్లలో ఒకడైన ఆండ్రూ గార్ఫీల్డ్ కింద పడిపోతున్న హీరో ప్రియురాలు ఎమ్‌జేని పట్టుకునే సీన్ అందుకే అంత పండింది. 'ఫ్లాష్'లో ఆ బొమ్మలు ఊరికే గాల్లో తేలుతూ ఉంటాయి. కామియో (కాసేపు కనిపించే అతిథి పాత్ర) అంటే గంట కొట్టి మనిషిని చూపించడం అనుకుంటే ఇలాగే ఉంటుంది.

వీఎఫ్ఎక్స్, అంటే కంప్యూటర్ గ్రాఫిక్స్ గురించి పెద్దగా సాగదియ్యను. క్లైమాక్స్ ఏమిటో ఖాయం కాకుండానే షూటింగ్ చేసి, రిలీజ్ దగ్గరపడ్డాక కూడా సీన్లు మారుస్తూ ఆర్టిస్టుల చేత రాత్రింబవళ్లు చేయిస్తే బొమ్మ అలాగే వస్తుంది. మార్వెల్‌లో నేరుగా పనిచేసే వీఎఫ్ఎక్స్ ఉద్యోగులు 2023 సెప్టెంబర్‌లో యూనియన్‌కి ఏకగ్రీవంగా ఓటేశారంటే లోపల పరిస్థితి ఊహించుకోవచ్చు. టికెట్ కొన్నవాడికి కనిపించేది మాత్రం ఊదారంగు పొగలో ఎవరో ఎవర్నో కొట్టుకోవడం.

బడ్జెట్ పెరిగితే సినిమా పెద్దదవుతుంది అనే లెక్క మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. 2016లో మొదటి 'డెడ్‌పూల్'కి పెట్టింది 5.8 కోట్ల డాలర్లు, వచ్చింది 78 కోట్లు. డబ్బు లేదు కాబట్టి మాటలతో, వెకిలితనంతో నెట్టుకొచ్చారు, అదే దాని రుచి అయింది. 2019 'జోకర్' కూడా అంతే, 7 కోట్ల లోపు పెట్టి 107 కోట్లు రాబట్టారు. దాని రెండో భాగానికి దాదాపు 20 కోట్లు పెట్టి, మొదటి భాగాన్ని ప్రేమించినవాళ్లని వెక్కిరిస్తున్నట్టు పాటలతో కోర్టు సీన్లతో తీస్తే మొత్తం 20 కోట్ల దగ్గరే చతికిలపడింది. డైరెక్టర్ తెగింపుని నేను కొంత మెచ్చుకుంటాను, చూసిన సినిమానే మళ్లీ తియ్యలేదు కదా. కానీ ఆ తెగింపుకి 20 కోట్లు కాదు, 7 కోట్లే పెట్టి ఉంటే ఇవాళ దాన్ని కల్ట్ సినిమా అని మాట్లాడుకునేవాళ్లం.

చైనా సంగతి ఒక్క ముక్కలో: 'ఎండ్‌గేమ్' 280 కోట్ల డాలర్లలో 60 కోట్ల పైన అక్కడి నుంచే వచ్చింది, 2019 మధ్య నుంచి 2023 మొదలయ్యే దాకా మార్వెల్ సినిమా ఒక్కటి కూడా అక్కడ రిలీజ్ కాలేదు, తలుపు మళ్లీ తెరిచాక పాత జనం రాలేదు. కాబట్టి ఇప్పటి సినిమాల్ని 'ఎండ్‌గేమ్'తో పోల్చి ఫ్లాప్ అనడం అన్యాయం కూడా.

నా థియరీకి 2025 ఒక మంచి పరీక్ష పెట్టింది. ఫిబ్రవరిలో 'కెప్టెన్ అమెరికా' కొత్తది అతుకుల బొంతలా వచ్చింది, రెండో వీకెండ్ దబ్బున పడింది, 41 కోట్లతో ముగిసింది. మే నెలలో 'థండర్‌బోల్ట్స్' వచ్చింది. నన్నడిగితే ఐదారేళ్లలో మార్వెల్ తీసిన మంచి సినిమాల్లో అదొకటి, డిప్రెషన్‌లో ఉన్న మనిషిని విలన్‌గా పెట్టి, అతన్ని కొట్టి గెలవకుండా పక్కన కూర్చుని గెలిచే క్లైమాక్స్ ఎవరు రాశారో గానీ దండం పెట్టాలి. వచ్చింది 38 కోట్లు. చెత్త సినిమా కంటే తక్కువ! నేను చెప్పిన లెక్క ప్రకారం ఇది అర్థమవుతుంది, ఫిబ్రవరి సినిమా చేసిన గాయం మే సినిమా మీద పడింది. జూలైలో జేమ్స్ గన్ 'సూపర్‌మ్యాన్' పుట్టుకథ, పాత గొడవలు ఏమీ లేకుండా నేరుగా మధ్యలో మొదలుపెట్టి 61 కోట్లు తెచ్చింది, కొత్త దుకాణానికి మంచి బోణీ. కానీ రెండు వారాల తర్వాత వచ్చిన 'ఫెంటాస్టిక్ ఫోర్' నా థియరీకి సరిగ్గా లొంగదు. హోంవర్క్ అక్కర్లేదు, టాక్ బాగుంది, ఓపెనింగ్ 11 కోట్ల పైన, అయినా రెండో వీకెండ్‌లో 66 శాతం పడిపోయింది, 52 కోట్ల దగ్గర ఆగింది. అభిమానులంతా మొదటి మూడు రోజుల్లో చూసేశారు, మామూలు జనం ఓటీటీలో చూద్దాంలే అనుకున్నారని నా అంచనా. కొన్ని నెలలు ఆగితే ఇంట్లో వస్తుందని కంపెనీలే ఏళ్ల తరబడి అలవాటు చేశాయి మరి.

కొనేవాళ్లకి పనికొచ్చే మాట ఒకటి. ట్రైలర్ చూసి, ఓపెనింగ్ నంబర్లు చూసి టికెట్ కొనకండి, అవి పాత సినిమా మీద వచ్చిన మోజు. అమెరికాలో మొదటి రోజు థియేటర్ నుంచి బయటికొచ్చే జనాన్ని అడిగి సినిమాస్కోర్ అనే సంస్థ గ్రేడ్ ఇస్తుంది, అది చూడండి. ఇలాంటి సినిమాలకి 'ఏ' గ్రేడ్ రావడం మామూలే, ఎందుకంటే మొదటి రోజు వెళ్లేవాళ్లు అభిమానులే. వాళ్లే బి ఇచ్చారంటే జాగ్రత్తపడాలి, 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్'కీ, 'యాంట్ మ్యాన్' మూడోదానికీ వచ్చింది అదే. 'జోకర్' రెండోదానికి డి వచ్చింది. ఆ తర్వాత రెండో వీకెండ్ డ్రాప్ చూడండి. 55 శాతం లోపు ఉంటే కళ్లు మూసుకుని వెళ్లొచ్చు, 65 దాటితే మీ ఇష్టం.

2026 డిసెంబర్‌కి 'అవెంజర్స్ డూమ్స్‌డే' ప్రకటించారు, ఐరన్ మ్యాన్‌గా మనం ఏడ్చి సాగనంపిన రాబర్ట్ డౌనీ జూనియర్‌ని ఈసారి విలన్ డాక్టర్ డూమ్‌గా తెస్తున్నారు. దానికి ఓపెనింగ్ ఎంత వచ్చినా నేను ఆశ్చర్యపోను, అదంతా 'ఎండ్‌గేమ్' మీద మిగిలిన ప్రేమ. నేనైతే రెండో వారం టికెట్ తీసుకుంటా, అప్పటిదాకా స్పాయిలర్లు చెప్పేవాళ్లని మ్యూట్‌లో పెట్టుకుని.